కింది గొంతు

మెట్‌పల్లి
4 నవంబరు 2007, ఆదివారం

చిరంజీవి జలంధర్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం సాయవ్వ. పొద్దున ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇలాగే తిండి మానేస్తే ఈమె ఉగాది దాకా ఉండదన్నాడు. మందు రాయమంటే, తినననే మనిషికి తన దగ్గర మందు లేదన్నాడు.

లింబాద్రి శవం ఉన్న పెట్టె ఖతర్ నుంచి వచ్చిన రోజు నువ్వు ఇక్కడ లేవు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తాను. పెట్టె తెరవకూడదని వెంట వచ్చిన కాగితంలో ఉందని పెద్దలు తెరవనివ్వలేదు. సాయవ్వ తన కొడుకు మొహం చూడలేదు. పెట్టె పెట్టెగానే చితి మీదికి పోయింది. ఆనాటి నుంచి ఆమెది ఒకటే మాట. "ఎవలి పెట్టెనో కాలవెట్టిండ్రు. నా కొడుకు దుబాయ్‌ల పనిజేస్తుండు." గల్ఫ్ అంతా ఆమెకు దుబాయే. పెద్దకర్మ చేయనివ్వలేదు. సాయంత్రం కాగానే వాడి కంచంలో అన్నం పెట్టి మూత వేస్తుంది. వాడు తినేదాకా తాను తిననంటుంది. నేను ఎదురుగా నిలబడితే కొంచెం గంజి తాగుతుంది. అంతే.

కంపెనీ కాగితం తెలుగు చేసి చదివి వినిపించాను. ఆమె అంతా విని ఇలా అంది: "కాయితం మీద ఎవలన్న ఏమన్న రాస్తరు పంతులమ్మా. నా కొడుకు పక్కపొంటి ఉన్నోడు నీ మనుమడు. ఆడు నా ఇంట్ల తిని పెరిగిండు. ఆని నోటితోని లింబన్న పోయిండు అని చెప్తే నమ్ముత. అప్పుడు ఏడుస్త. ఏడ్చినంక తింట."

ఇది అన్యాయమైన కోరిక కాదు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడివి. లింబాద్రి పోయిన ఆ ప్రమాదం తర్వాత ఒక్కసారి కూడా చేయలేదు. నువ్వు క్షేమమని మీ ఫోర్‌మన్ మొహియుద్దీన్ చేత చెప్పించావు. క్షేమంగా ఉన్నవాడు ఆ మాట తానే ఎందుకు చెప్పడో నాకు అర్థం కాలేదు.

ఈ ఉత్తరం అందిన వెంటనే వచ్చే శుక్రవారం మన ఇంటికి ఫోన్ చెయ్. సాయవ్వను ఫోన్ పక్కనే కూర్చోబెడతాను. ఒక్క వాక్యం చాలు.

భానుమతి


మెసయీద్, ఖతర్
16 నవంబరు 2007

అమ్మమ్మకు దండాలు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేయలేకపోయినందుకు కోపం తెచ్చుకోకు. నా సెల్లు నీళ్లలో పడి పాడైంది. క్యాంపులో బూత్ దగ్గర శుక్రవారం పెద్ద లైను ఉంటుంది. సాయవ్వకు ఆ మాట నువ్వే చెప్పు అమ్మమ్మా. నువ్వు చెబితే మన వాడకట్టులో కాదనేవాళ్లు లేరు.

నా పని మారింది. ఎరువుల ఫ్యాక్టరీ సైటు నుంచి తీసి నన్ను ఓడరేవు జెట్టీ మీద వేశారు. మొహియుద్దీన్ భాయ్ మాట్లాడి వేయించాడు. ఓడ వచ్చినప్పుడు తాళ్లు అందుకుని ఇనుప దిమ్మలకు తగిలించాలి. అంతా చేతి సైగలతోనే నడుస్తుంది. ఎండ తగ్గింది. సముద్రం మీంచి గాలి వస్తే హాయిగా ఉంటుంది, ఫ్యాక్టరీ వైపు నుంచి వస్తే కళ్లు మండుతాయి. ఓడలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. ఈ దేశం మొత్తాన్ని ఒక్కసారే కట్టేస్తున్నట్టుంది.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి రాస్తాను. పెద్ద ఓడలను జెట్టీ దగ్గరికి నెట్టే చిన్న పడవను టగ్గు అంటారు. మా జెట్టీ టగ్గులో పనిచేసేవాళ్లు జార్జియా దేశంవాళ్లు. అమెరికాలో ఉన్న జార్జియా కాదు, రష్యా పక్కన కొండల్లో ఉన్న దేశం. కెప్టెన్ పేరు వఖ్తాంగ్, తెల్ల గడ్డం, పొట్ట. పని లేనప్పుడు వాళ్లు జెట్టీ మీద నిలబడి పాడతారు. ఒకే పాటను మూడు గొంతులు మూడు దారుల్లో పాడతాయి. పై గొంతూ నడిమి గొంతూ ఎంత దగ్గరగా వస్తాయంటే, రెండు ఇనుప రేకులు ఒరుసుకున్నట్టుంటుంది. మొదట విన్నప్పుడు ఎవరో తప్పు పాడుతున్నారనుకున్నాను. కాదట, ఆ ఒరిపిడే వాళ్లకు కావాలట. కింది గొంతు మాత్రం మాటలు లేకుండా ఒక్క స్వరాన్ని నేలలాగా పరిచి పట్టుకుంటుంది. ఆ కింది గొంతు మనిషి కాంట్రాక్టు అయిపోయి వాళ్ల ఊరికి పోయాడు. ఇప్పుడు మిగిలిన ఇద్దరూ మొదలుపెడతారు, మధ్యలో ఆపేసి తిట్టుకుంటారు.

వఖ్తాంగ్ నన్ను చూసి తన ఛాతీ మీద కొట్టుకుని, నేలవైపు వేలు చూపించి, "యూ. డౌన్ వాయిస్. కమ్" అంటాడు. బడిలో ప్రార్థన పాడేటప్పుడు నన్ను పెదవులు మాత్రమే ఆడించమన్న మనిషి నువ్వు. నీకు తెలియని గుణం ఏదో అతనికి కనబడినట్టుంది. "పోరా, పాడు. ఇక్కడ శ్రుతి తప్పినా మాఫీ" అని మొహియుద్దీన్ భాయ్ నవ్వుతాడు.

మా సైటులో పనిచేసే మన ఊరి రాజేశం వచ్చే నెలాఖరున సెలవు మీద వస్తాడు. ఏమైనా ఉంటే అతనితో పంపు.

నీ జలంధర్


మెట్‌పల్లి
28 నవంబరు 2007

జలంధర్‌కు,

పెదవులు ఆడించమన్నది నిజమే. నువ్వు పాడితే వెనక వరుస పిల్లలందరూ నీ వెంట పడి శ్రుతి తప్పేవాళ్లు. ఇప్పుడైనా అదే చెబుతాను.

నీ ఉత్తరం సాయవ్వకు చదివి వినిపించాను. ఓడలు, తాళ్లు, పాటలు అన్నీ విన్నది. "మరి నా కొడుకు ముచ్చట ఏది?" అని అడిగింది. నువ్వు రాసిన దాంట్లో లింబాద్రి పేరే లేదు.

పంతొమ్మిదేళ్ల నుంచి నీ రాత చదువుతున్నాను. ఈ ఉత్తరంలో మొహియుద్దీన్ మాట్లాడాడు. ఆ కెప్టెన్ మాట్లాడాడు. నువ్వు ఎవరికీ ఏ జవాబూ చెప్పలేదు. సైగలతో జరిగే పనిలో నిన్ను పెట్టించడానికి ఒక ఫోర్‌మన్ ఎందుకు శ్రమపడ్డాడు? సెల్లు నీళ్లలో పడితే వారం రోజుల్లో ఇంకొకటి కొనుక్కునే మనిషివి. బూత్ లైను పొడవైతే నిలబడతావు, నీకు ఓపిక ఉంది.

అడగవలసింది సూటిగా అడుగుతున్నాను. నీ గొంతు ఏమైంది?

సాయవ్వ నిన్నటి నుంచి గంజి కూడా వద్దంటోంది. అబద్ధం రాసేటంత తీరిక మన ఇద్దరికీ లేదు.

భానుమతి


మెసయీద్
14 డిసెంబరు 2007

అమ్మమ్మా,

నా గొంతు లేదు. ఆ రోజు నుంచి మాట రావడం లేదు. కంపెనీ క్లినిక్‌లో గొంతులోకి సన్నటి గొట్టం పంపి చూశారు. లోపల అంతా బాగుందన్నారు, భయం వల్ల పోయింది, భయం పోతే వస్తుందన్నారు. దగ్గితే శబ్దం వస్తుంది. మాట అనబోతే గాలి వస్తుంది. మాట లేనివాడని ఆఫీసుకు తెలిస్తే టికెట్ ఇచ్చి పంపేస్తారని మొహియుద్దీన్ భాయ్ దాచాడు. ఆ భయం నాకు లేదు. మన ఊరికి వచ్చి సాయవ్వ ముందు నోరు తెరిచి గాలి వదలడమే నా భయం.

జరిగింది రాస్తాను. ఇదివరకు ఎవరికీ రాయలేదు.

ఫ్యాక్టరీలో పెద్ద ఉక్కు ట్యాంకులు ఉంటాయి. లోపల వెల్డింగు గరుకును గీకి శుభ్రం చేయాలి. మనిషి పట్టేంత రంధ్రంలోంచి లింబన్న లోపలికి దిగేవాడు. ఆ రంధ్రం బయట కూర్చుని, లోపలి మనిషిని పిలుస్తూ జవాబు వింటూ ఉండటం నా డ్యూటీ. జవాబు రాకపోతే విజిల్ ఊది రెస్క్యూ వాళ్లను పిలవాలి. నేను లోపలికి దిగకూడదు. పని అంతా అదే. పిలవడం, వినడం.

"లింబన్నా" అని పిలవడం, "ఓకే" అని అతను అనడం రెండు రోజులకే విసుగు పుట్టింది. అందుకని నేను కథలు చెప్పడం మొదలుపెట్టాను. నువ్వు మా ఇద్దరికీ చెప్పినవే. నీ నియమం గుర్తుందా, ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. లింబన్న ట్యాంకులోంచి ఊ కొట్టేవాడు. ఆ ఊ ఉక్కులో తిరిగి గుండ్రంగా బయటికి వచ్చేది. ఊ వస్తున్నంత సేపు మనిషి బాగున్నట్టే కదా అనుకున్నాం. కథ చప్పగా ఉంటే మాత్రం కావాలనే ఊ మానేసేవాడు. నేను బతిమాలాలి, కథకు కొత్త మసాలా కలపాలి. అప్పుడు "ఇగ చెప్పు" అని నవ్వేవాడు. అది అతని ఎగతాళి.

ఆ రోజు భోజనం తర్వాత మేకను అమ్మడానికి సంతకు పోయిన రైతు కథ చెబుతున్నాను. సగంలో ఊ ఆగింది. నాకు నవ్వొచ్చింది. కథ బాగా లేదంటున్నాడు అనుకున్నాను. మేకకు మాటలు పెట్టాను. అయినా ఊ లేదు. సంతలో కొట్లాట పెట్టాను. పోలీసును తెచ్చాను. అమ్మమ్మా, నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మేకతోనే రైతు ఇల్లు చేరి, కథ అయిపోయింది. అయిపోయిన తర్వాత కూడా ఊ లేదు.

అప్పుడు విజిల్ ఊదాను. అప్పుడు అరిచాను. వాళ్లు వచ్చి అతన్ని బయటికి తీసేదాకా రంధ్రంలో తల పెట్టి అరుస్తూనే ఉన్నాను. పక్క ట్యాంకులోంచి వాసన లేని గ్యాస్ లోపలికి చేరిందట. నేను కథ చెప్పింది కింద పడి ఉన్న మనిషికి.

సాయవ్వకు ఏ నోటితో చెప్పాలి?

టగ్గువాళ్లకు నా సంగతి తెలియదు. నాకు వాళ్ల భాష రాదు కాబట్టి మాట్లాడటం లేదనుకుంటున్నారు. నిన్న వఖ్తాంగ్ నా చేయి పట్టుకుని వాళ్లిద్దరి మధ్య నిలబెట్టాడు. నోరు తెరిచాను. గాలి వచ్చింది. అతనికి కోపం రాలేదు. మళ్లీ రేపు అన్నట్టు తల ఊపాడు.

జలంధర్


మెట్‌పల్లి
27 డిసెంబరు 2007

నాన్నా జలంధర్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏమీ రాయలేదు. ఏడ్చినప్పుడు రాస్తే లెక్క తప్పుతుంది. సైటు సంగతులు రాజేశాన్ని అడిగి తెలుసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

భోజనం తర్వాత ట్యాంకులో గాలి మళ్లీ పరీక్షించకపోవడం నీది కాదు. పక్క ట్యాంకుతో ఉన్న దారిని మూయకపోవడం నీది కాదు. నడుముకు తాడు కట్టకుండా మనిషిని దింపడం నీది కాదు. ఓకే అనవలసిన చోట ఊ పెట్టుకోవడం మీ ఇద్దరిదీ. సగం లింబాద్రిది, పోయినవాడని అతని సగం నీకు రాయను. ఊ ఆగిన తర్వాత కథ చెబుతూ పోవడం నీది. అది నీ పేరు కిందే ఉంటుంది. నేను కొట్టివేయను, కొట్టివేస్తే నువ్వు నమ్మవు. కానీ మిగిలినవి కూడా నీ పేరు కిందికి లాక్కునే హక్కు నీకు లేదు.

ఇక్కడి డాక్టరును అడిగాను. అలాంటి గాలిలో రెండు మూడు శ్వాసలకే స్పృహ పోతుందట. వెంటనే తీసి ఉంటే బతికేవాడా అని అడిగాను. చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. అది తెలియని సంగతి. దాన్ని తెలియనిదిగానే ఉంచు.

గొంతు సంగతి కూడా ఆయనను అడిగాను. దగ్గు పలికేవాడికి మూలుగు పలుకుతుంది, మూలుగు పలికితే స్వరం దగ్గర్లోనే ఉందన్నాడు. ఆ పడవవాళ్ల పాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా వెళ్లు. అక్కడ నిన్ను మాట అడిగేవాళ్లు లేరు. రోజూ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. రాజేశం మొన్ననే వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు అతనితో కరక్కాయ పంపుతాను, బుగ్గన పెట్టుకో.

సాయవ్వ ఇప్పుడు మన ఇంట్లోనే ఉంటోంది. నేను పట్టిస్తే రెండు గుక్కల గంజి తాగుతోంది. ఫోన్ ఉన్న గది వదిలి రావడం లేదు. చేతికి గాజులు నిలవడం లేదు. నీకు గొంతు పోయిందని ఆమెకు చెప్పాను. నమ్మలేదు. "దొంగ మాటలు. చెప్పటానికి ఏం లేక చెప్తలేడు" అంది.

అమ్మమ్మ


మెసయీద్
11 జనవరి 2008

అమ్మమ్మా,

రెండు సంగతులు ఉన్నాయి. మంచిది ముందు రాస్తాను, రెండోది రాయడానికి ధైర్యం వస్తుందేమో.

స్వరం వచ్చింది. టగ్గువాళ్లు పాడేటప్పుడు గుండ్రంగా, భుజం మీద భుజం ఆనేలా నిలబడతారు. తాళం లేదు, శ్రుతిపెట్టె లేదు. వఖ్తాంగ్ నా వీపు మీద అరచెయ్యి పెట్టి, తన గొంతును కిందికి దించి వినిపించాడు. ఆ అదురు అతని చేతిలోంచి నా ఎముకల్లోకి వచ్చింది. నేను నోరు మూసుకునే ఉన్నాను. కాసేపటికి అదురుతున్నది అతని చెయ్యి కాదు, నా ఛాతీ అని తెలిసింది. నోరు తెరిస్తే అది ఆగలేదు. మొహియుద్దీన్ భాయ్ చేతిలో చాయ్ అట్లాగే ఉండిపోయింది. నా స్వరం మీద ఆ ఇద్దరూ పైకి పోయారు, ఒకరినొకరు ఒరుసుకున్నారు, చివరికి కిందికి దిగి ముగ్గురం ఒకే స్వరం మీద ఆగాం. వాళ్ల పాటలు ఎక్కువగా అట్లాగే ముగుస్తాయట.

నాకు ఊపిరి చాలేది కాదు. నేను ఆగితే పాట కూలుతుందని భయపడి ముఖం ఎర్రబడేదాకా పట్టుకునేవాణ్ని. వఖ్తాంగ్ నన్ను తిట్టాడు. "నో డై. యూ బ్రీత్. వీ స్టే. దెన్ యూ కమ్ బ్యాక్." నా ఊపిరి అయిపోతే వాళ్లు ఆగరు, నేను పీల్చుకుని తిరిగి రావాలి, అంతే. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు అమ్మమ్మా. వాళ్ల కొండల్లో మనిషి పోతే మాటలు లేని పాట ఒకటి పాడతారట. వోయ్ అనడం తప్ప ఇంకేమీ ఉండదు. అది కూడా నేర్పాడు.

స్వరం వచ్చింది గాని మాట రాలేదు. ఊ అనగలను. లింబన్న పేరులోని లి అనబోతే మూసుకుపోతుంది.

రెండోది. పోయిన శుక్రవారం మధ్యాహ్నం బూత్‌కు పోయాను. స్వరం ఉంది కదా, సాయవ్వ గొంతు వింటే మాట అదే వస్తుందనుకున్నాను. నువ్వు ఎత్తుతావనుకున్నాను. సాయవ్వే ఎత్తింది. "ఎవలు?" అంది. నాకు ఊ కూడా రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది. ఆమె వింటూ ఉంది. తర్వాత చాలా మెల్లగా, "లింబాద్రీ, నువ్వేనా బిడ్డా?" అంది.

ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేసే ధైర్యం లేదు. నేను ఏం చేశానో నాకు తెలుసు. మార్చి మొదట్లో టగ్గును ఇంకో రేవుకు పంపుతారట. అప్పుడు ఈ ఊ కూడా ఉంటుందో ఉండదో.

జలంధర్


మెట్‌పల్లి
22 జనవరి 2008

జలంధర్‌కు,

ఈ ఉత్తరాన్ని ఎల్లుండి బయలుదేరే రాజేశం చేతికి ఇస్తున్నాను. పోస్టును నమ్మే సమయం లేదు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను స్నానానికి పోయాను. బయటికి వచ్చేసరికి సాయవ్వ పొయ్యి దగ్గర ఉంది. నీళ్లు పెట్టుకుని అన్నం తింటోంది. "నా కొడుకు ఫోన్ జేసిండు పంతులమ్మా. మాట్లాడలే. నా కొడుకు ఊపిరి నాకు ఎర్క లేదా" అంది. ఆమె తింటుంటే చూడటానికి నాలుగు నెలలు ఎదురుచూశాను. ఆ ఒక్క పూట ఊరుకున్నాను. అంతకు మించి ఊరుకునే అధికారం నాకు లేదు.

మరునాటి నుంచి ఆమె ఫోన్ మీద చెయ్యి వేసి కూర్చుంది. అది మళ్లీ మోగేదాకా తిననంటోంది. అప్పటి నుంచి ముద్ద లేదు, నేను పట్టిస్తే రెండు గుక్కల గంజి, అంతే. నిన్న గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది. అబద్ధం పెట్టిన అన్నం ఒక్క పూటకే సరిపోయింది.

నీకు మాట వచ్చేదాకా ఆగలేం. వచ్చినదానితోనే పని జరగాలి. కథ చెప్పేవాళ్లు ఒకరు, ఊ కొట్టేవాళ్లు ఒకరు. నీకు ఊ ఉంది. చెప్పడం నాకు వచ్చు. నీ ఊ సాయవ్వకు కూడా తెలుసు. ఆమె పొయ్యి ముందు కూర్చుని నువ్వూ లింబాద్రీ పోటీ పడి ఊ కొట్టినవాళ్లే. ఏ ఊ ఎవరిదో ఆమె పొరబడదు. వట్టి ఊపిరిని బట్టి పొరబడింది, స్వరం వింటే పొరబడదు.

ఇవి వరుసగా జరగాలి:

1. ఫిబ్రవరి ఒకటి, శుక్రవారం, అక్కడ పొద్దున పదికి నువ్వు ఫోన్ చెయ్యాలి. బూత్ లైనులో మొహియుద్దీన్‌ను ముందే నిలబెట్టు.

2. ఆ ఇద్దరు జార్జియావాళ్లకు రాజేశం చేత ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పించు. వాళ్లను నీకు రెండు పక్కలా నిలబడమను. వీపు మీద చెయ్యి తీయవద్దని నేను అడిగానని చెప్పు.

3. నేను ఫోన్‌ను స్పీకరు మీద పెడతాను. "ఇది జలంధర్, లింబాద్రి కాదు" అంటాను. నువ్వు ఊ అనాలి. ఆ ఒక్క ఊ స్పష్టంగా రావాలి. మిగిలినవన్నీ దాని మీద నిలుస్తాయి.

4. తర్వాత ట్యాంకు సంగతి, భోజనం తర్వాత సంగతి, మేక కథ సంగతి నేను ఒక్కొక్క వాక్యంగా చెబుతాను. నేను చెప్పింది నిజమైతే ఊ అను. కాకపోతే ఊరుకో, సరిచేసుకుని మళ్లీ చెబుతాను. నీ పేరు కింద ఉన్న సంగతిని కూడా దాటవేయను.

5. "లింబాద్రి పోయాడు" అనేది చివరి వాక్యం. దానికి నీ ఊ రాకపోతే నేను ఎదురుచూస్తాను. ఎంతసేపైనా సరే. నీ ఊపిరి అయిపోతే పీల్చుకుని తిరిగి రా.

6. అది విన్న తర్వాత సాయవ్వ నిన్ను ఏమైనా అనవచ్చు. అననివ్వు.

7. ఆమె శోకం ఎత్తుకుంటుంది. ఇన్నేళ్లలో నా ఇంట్లో ఎవరినీ గొంతెత్తి ఏడవనివ్వలేదు, నీ అమ్మ పోయినప్పుడు కూడా. ఆ రోజు తలుపులు తీసి పెడతాను. నువ్వు ఫోన్ పెట్టేయకూడదు. ఆమె ఏడుస్తున్నంత సేపు, ఆ మాటలు లేని పాటలోని కింది గొంతును ఆమె కింద పట్టుకుని ఉండు. నీది అయిపోతే ఆ ఇద్దరూ పట్టుకుంటారు. వాళ్లది కూడా అయిపోతే ఇక్కడ నేను ఉన్నాను.

8. పొయ్యి మీద అన్నం సిద్ధంగా ఉంటుంది. లింబాద్రి కంచం కడిగి బోర్లిస్తాను. సాయవ్వ తన కంచం తాను తెచ్చుకుంటుంది.